పిల్లలతో అమెరికా వెళ్తున్న విశాఖవాళ్లకు: సైన్స్ పుస్తకం సంగతి

వీసా, అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా గురించి అందరూ అడుగుతారు. ఎలిమెంటరీ పిల్లల సైన్స్ పుస్తకం గురించి ఎవరూ అడగరు. మేం వెళ్లిన కొత్తలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే.

అక్కడ దేశమంతటికీ ఒకే సిలబస్ లేదు. ఏ తరగతి పిల్లలకు సైన్స్‌లో ఏం రావాలో చెప్పే ప్రమాణాలు, 2013లో వచ్చిన నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్‌ను కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాలు తీసుకున్నాయి. టెక్సస్‌కు సొంత ప్రమాణాలున్నాయి. కాబట్టి టెక్సస్‌లోని డాలస్‌లో ఉన్న బంధువులు చెప్పారని న్యూజెర్సీలో చదివే పిల్లలకు పుస్తకాలు కొనకండి. చాలాచోట్ల అసలు పుస్తకమే ఇంటికి రాదు; ఒక లాగిన్ ఇస్తారు, ప్రయోగాల సామాను బడిలోనే ఉంటుంది.

ఈ కొత్త ప్రమాణాల్లో విషయం తెలిస్తే చాలదు. పిల్లలు తామే పరీక్షించి చూడాలి, ఆధారం చూపించి మాట్లాడాలి. నాకిది ఆలస్యంగా అర్థమైంది. నాలుగో క్లాసులో మా అమ్మాయికి నేలకోత నిర్వచనం బట్టీ పట్టించాను. పొల్లు పోకుండా రాసింది. దాని కింద టీచర్ పెన్సిల్‌తో ఒకే మాట రాశారు: ‘నీకెలా తెలిసింది?’ జవాబు సరిగ్గానే ఉందిగా అని ఆ రోజు నాకు కోపం వచ్చింది.

ఆ సెలవుల్లో వైజాగ్ వచ్చి, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లాం. వాన నీళ్లు కోసిన లోతైన చాళ్లు చూసి, ‘అమ్మా, చెట్లున్న చోట ఎందుకు ఇంతగా కోసుకుపోలేదు?’ అంది. ఇంటికొచ్చాక పెరట్లో మట్టి రెండు పళ్లేల్లో పోసి, ఒకదాంట్లో గడ్డి పెళ్ల పెట్టి, రెండూ వంచి చెంబుతో నీళ్లు పోసింది. వట్టి మట్టి మీంచి బురద నీళ్లు కారాయి, గడ్డి మీంచి తేటగా వచ్చాయి. టీచర్ అడిగింది అదే!

పుస్తకాన్నీ అలాగే చూడండి. పాఠం నిర్వచనంతో మొదలైందా, పిల్లలు కళ్లతో చూసే దేనితోనైనా మొదలైందా? ప్రయోగం చేయకముందే ఫలితం అచ్చు వేసేశారా? చివరి ప్రశ్నలకు జవాబు పై పేరాలోంచి ఎత్తి రాసేయొచ్చా? అలా ఉంటే బొమ్మలు ఎంత బావున్నా అది పాత పద్ధతి పుస్తకమే. అట్ట మీద ‘స్టాండర్డ్స్‌కు అనుగుణం’ అన్న ముద్ర ప్రచురణకర్తలు వేసుకునేది, దాన్ని నమ్ముకోకండి. ఎడ్‌రిపోర్ట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ టీచర్లతో చేయించిన సమీక్షలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతుంది, అవి చదవండి.

మన పుస్తకాలను మాత్రం ఇక్కడే పారేసి వెళ్లకండి. 2020–21 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వ ప్రాథమిక తరగతుల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. అక్కడి పాఠంలో మాట అర్థంకాక పిల్ల బిక్కమొహం వేసిన సాయంత్రం పరిసరాల విజ్ఞానం పుస్తకం తీసి ఆ రెండు పేజీలూ పక్కపక్కన చూపించండి. మూడు, నాలుగు, ఐదు తరగతులవి అన్నీ కలిపినా పెట్టెలో పెద్ద బరువుండవు.