ఉద్యోగం మానేసి కరెన్సీ ట్రేడింగ్‌కి పోదామనిపిస్తే: లక్షణం, కారణం, మందు

నెల్లూరులో జీతగాళ్లకి ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేసి పెట్టడం నా పని. జూలై వచ్చిందంటే ఫారం-16తో పాటు ఫోన్లో ఒక యాప్ తెరిచి చూపించే కుర్రాళ్లు తగులుతారు. "అన్నా, జీతం కన్నా ఇందులోనే ఎక్కువొస్తోంది, మానేద్దామనుకుంటున్నా" అంటారు. వాళ్లకి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. మీ లక్షణం ఏదో చూసుకుని అక్కణ్ణించి చదవండి.

లక్షణం: యాప్‌లో డాలర్లు పెరుగుతున్నాయి, బ్యాంకులోకి రావడం లేదు

దీన్ని ముందు పెట్టింది ఊరికే కాదు. మిగతా జబ్బులకి టైముంది, దీనికి లేదు.

కారణం: మీరు ఆడుతున్నది ఎక్స్ఛేంజీలో కాదు. ఫెమా అనే విదేశీ మారక చట్టం కింద ఇక్కడ ఉండేవాళ్లు ఆన్‌లైన్లో కరెన్సీ ట్రేడింగ్ చేయాల్సింది ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ లాంటి గుర్తింపున్న ఎక్స్ఛేంజీల్లో, లేదా రిజర్వ్ బ్యాంక్ అనుమతిచ్చిన ప్లాట్‌ఫారాల్లో మాత్రమే. ఎవరో వ్యక్తి ఖాతాకి యూపీఐ చేయమన్నా, యూఎస్‌డీటీ అనే క్రిప్టో కొని పంపమన్నా అది ఈ రెండిట్లో ఏదీ కాదు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ 34 పేర్లతో హెచ్చరిక జాబితా పెట్టింది, ఆ తర్వాత అది పెరిగింది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని అందులోనే రాసుంది. ఉల్లంఘిస్తే జరిమానా ఆ సొమ్ముకి మూడు రెట్ల దాకా పడొచ్చు.

ఇంకోటి. ఆ యాపుల్లో ఒకటికి ఐదొందల రెట్ల లెవరేజ్ ఇస్తామని, అంటే మీ రూపాయి మీద ఐదొందల రూపాయల బేరం ఆడనిస్తామని ఊరిస్తారు. వందని ఐదొందలతో భాగించండి: రేటు 0.2 శాతం ఎదురు తిరిగితే మీ డబ్బు మొత్తం పోయినట్టే. యూరో-డాలర్ అంత కదలడానికి ఒక్కోరోజు మనం టీ తాగొచ్చేంత సేపు చాలు.

మందు: ఉన్నదంతా ఈరోజే బయటికి తీయడానికి అడగండి. "ముందు ట్యాక్స్ కట్టు, తర్వాత విడుదల చేస్తాం" అంటే ఇంకొక్క రూపాయి వేయబాకండి. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా, పన్ను ప్రభుత్వానికి చలానా మీద కట్టడమే చూశా గానీ యాప్‌వాడి ఖాతాలో వేయడం చూళ్లేదు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో కూడా చెప్పండి.

లక్షణం: బ్రోకర్ మంచోడే, కానీ ఏదో డిక్లరేషన్ మీద సంతకం అడుగుతున్నాడు

కారణం: 2024 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం. ఆ ఏడు మే 3 నుంచి అమల్లో ఉంది. ఎక్స్ఛేంజీలో డాలర్-రూపాయి లాంటి, రూపాయితో ముడిపడ్డ కాంట్రాక్టు తీసుకోవాలంటే మీకు నిజంగా విదేశీ మారకంతో లావాదేవీ ఉండాలి. 10 కోట్ల డాలర్ల దాకా కాగితాలు చూపించక్కర్లేదు గానీ, లావాదేవీ మాత్రం ఉండి తీరాలి.

మన పక్కన ఎవరికుందో చూడండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బయటికి పంపే ఆయనకుంది. మన రొయ్యని అమెరికాకి పంపే కంపెనీకుంది. పొగాకు ఎగుమతిదారుకుంది. సరుకు ఓడెక్కిన రోజుకీ డబ్బు చేతికొచ్చే రోజుకీ మధ్య డాలరు పడిపోతే నష్టం గనక, రేటు ముందే కట్టేసుకుంటారు. మీ జీతం రూపాయల్లో, ఇంటి కిస్తీ రూపాయల్లో. డాలరుతో నీకేం పని అని అడిగితే ఏం చెబుతారు?

మందు: లేనిది ఉందని సంతకం పెట్టబాకండి. రూపాయి లేని జతలు, యూరో-డాలర్ లాంటివి, ఎక్స్ఛేంజీలో సాయంత్రం 7.30 దాకా ఉంటాయి. ఓసారి ఆర్డర్ బుక్ తెరిచి కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఎంతమందున్నారో చూడండి. ఆ పలచటి బజారులోంచి నెలనెలా ఇల్లు గడుస్తుందా అన్నది చూసిన మీకే తెలుస్తుంది.

లక్షణం: మూడు నెలలుగా వరసగా లాభమే

కారణం: మూడు నెలలంటే ఒకే గాలి. డాలరు ఒకే వైపు నడిచినప్పుడు అటు పట్టుకున్న ప్రతివాడూ నేర్పరే.

మందు: కాగితం మీద లెక్క. డాలర్-రూపాయి లాట్, అంటే ఒక కాంట్రాక్టు, 1,000 డాలర్లు. పది పైసలు కదిలితే లాట్‌కి వంద రూపాయలు. నెలకి నలభై వేలు మిగలాలంటే పది లాట్లతో అలాంటి కదలికలు నలభై పట్టాలి, అదీ తప్పులన్నీ పోగా. అంటే పనిదినానికి రెండు. బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్లు (ట్రేడ్ల బిల్లులు) ఏడాదివి పెట్టుకుని కూడండి, మీ చేయి ఆడే తీరు బయటపడుద్ది. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో చెప్పిన లెక్క: మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన చిన్నవాళ్లలో 93 శాతం నష్టపోయారు. అది షేర్ల లెక్కే, కరెన్సీది కాదు. ఆడే మనుషులు మాత్రం మనలాంటోళ్లే.

స్టాప్‌లాస్ ఉంది గదా, ఇంత నష్టం రాగానే దానంతటదే అమ్మేస్తుంది అంటారా? 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరోకి 1.20 ఫ్రాంకుల దగ్గర కాసిన రేటుని ఒక్కసారిగా వదిలేసింది. నిమిషాల్లో ఫ్రాంక్ ఎగిసిపోయింది. స్టాప్ పెట్టిన చోట కొనేవాడే లేకపోయాడు. వేసిందానికన్నా ఎక్కువ పోయి బాకీ పడ్డవాళ్లున్నారు.

లక్షణం: జీతం చిన్నదిగా కనిపిస్తోంది

కారణం: ఒకటో తారీఖున పడే మొత్తాన్నే జీతం అనుకోవడం. యజమాని వేసే పీఎఫ్ వాటా, బ్యాంకువాడు హోమ్‌లోన్‌కి అడిగే పేస్లిప్పు ఆ మెసేజీలో కనిపించవు. నాలుగేళ్ల మూడు నెలలకి మానేస్తానని ఒకడొచ్చాడు. మామూలుగా ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున. అదెవరికి వదిలేస్తావు నాయనా అంటే తల గోక్కున్నాడు.

మందు: మానేసే ముందు ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టుకోండి, ట్రేడింగ్ డబ్బుతో కలవకుండా. ట్రేడింగ్ నష్టాన్ని జీతంలోంచి తీసేసి పన్ను తగ్గించుకోవడం కుదరదు, అది కూడా గుర్తుంచుకోండి.

లక్షణం: సోమవారం పొద్దున్నే కడుపునొప్పి

కారణం: ఆఫీసు. ట్రేడింగ్ కాదు. మందు: ఇంకో ఉద్యోగం.

చీమకుర్తి వైపు ఒక ఫ్యాక్టరీలో అకౌంట్లు రాసే కుర్రాడికి ఇదే చెప్పా. డాలరు పిచ్చి వదల్లేదు గానీ ఎగుమతి చేసే ఇంకో కంపెనీలో చేరాడు. బ్యాంకుతో ఫార్వర్డ్ రేటు, అంటే రాబోయే డాలర్లకి ముందే ఖాయం చేసుకునే రేటు, మాట్లాడి కట్టేది ఇప్పుడు వాడే. మొన్న ఫోన్ చేస్తే, "తర్వాత మాట్లాడతానన్నా, గ్రానైట్ బ్లాకులు కృష్ణపట్నం పోర్టుకి చేరాయి, రేటు చూస్తున్నా" అని పెట్టేశాడు.