‘బాగు చేస్తాం’ అనే మత సంస్థల హాస్టళ్లు: అనుమతి ఉందో లేదో తెలుసుకోవడం, తనిఖీకి దరఖాస్తు చేయడం

పిల్లాడు బడి మానేశాడు, ఫోన్ వదలడు, సావాసాలు బాగాలేవు. ఇంట్లో అందరికీ టెన్షన్. అలాంటప్పుడే ఎవరో ఒకరు, "ఫలానా చోట వేయండి, ఏడాదిలో దారిలో పెడతారు" అంటారు. అది ఆశ్రమం కావచ్చు, మదరసా కావచ్చు, చర్చి పక్కన నడిచే హాస్టల్ కావచ్చు. మా చుట్టాల అబ్బాయిని పదిహేనేళ్లప్పుడు అలాగే ఒకచోట వేశారు. వారానికి ఐదు నిమిషాలు ఫోన్, అదీ వార్డెన్ పక్కన నిలబడితేనే. మూడు నెలలకు ఇంటికి తెచ్చుకున్నాక వీపు మీద వాతలు చూశాం. ఆ సంస్థకు పిల్లలను ఉంచుకునే అనుమతి ఉందా అని అప్పటిదాకా మాలో ఒక్కరం కూడా అడగలేదు.

అడిగితే ఏం చూపిస్తారో ముందే తెలుసుకోండి. సాధారణంగా గోడకు ఫ్రేమ్ కట్టిన సొసైటీ రిజిస్ట్రేషనో, ట్రస్ట్ డీడో చూపిస్తారు. సంస్థ పెట్టుకోవడానికి అవి చాలు, పిల్లలను ఉంచుకోవడానికి చాలవు. "మాది మతబోధ, విద్యా హక్కు చట్టం మాకు వర్తించదు" అని కూడా అంటారు. అందులో నిజం ఉంది. మదరసాలు, వేద పాఠశాలలు, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలను 2012 సవరణ ఆ చట్టం నుంచి మినహాయించింది. చాలామంది తల్లిదండ్రులు ఈ మాట విని వెనక్కి వచ్చేస్తారు. రావద్దు. 2015 బాలల న్యాయ చట్టం వేరే ఉంది. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లలను పూర్తిగా గానీ కొంతవరకు గానీ ఉంచుకునే ప్రతి సంస్థా 41వ సెక్షన్ కింద రిజిస్టర్ కావాలి. ప్రభుత్వ గ్రాంటు తీసుకోకపోయినా సరే. సర్టిఫికెట్ ఐదేళ్లే చెల్లుతుంది కాబట్టి తేదీ చూడండి. రిజిస్టర్ కాకపోతే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. "తల్లిదండ్రులే చేర్పించారు, మాకు ఈ సెక్షన్ రాదు" అని వాళ్లు వాదించవచ్చు. అయినా పిల్లలను హింసిస్తే 75వ సెక్షన్ ఎవరినీ వదలదు. సంస్థ నడిపేవాళ్లో, అందులో పనిచేసేవాళ్లో అయితే ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా. మత్తు మాన్పిస్తామనే చోటైతే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద ఉన్న రిజిస్ట్రేషన్ కూడా అడగండి.

అనుమతి సంగతి జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో నోటిమాటగా అడగవచ్చు. రాతపూర్వకంగా కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయిలో ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. పిల్లల ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటలే, ఆ మాట దరఖాస్తులోనే రాయండి.

ఫిర్యాదుకు ఫీజు లేదు, ఫారం వెతకనక్కర్లేదు, తెల్లకాగితం చాలు. తల్లిదండ్రులే కాదు, పక్కింటివాళ్లు కూడా ఇవ్వవచ్చు. మన వరంగల్ ప్రాంతంలో పొరపాటు జరిగేది జిల్లా విషయంలో. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలను హనుమకొండ, వరంగల్ జిల్లాలుగా మార్చారు. కాజీపేట, ధర్మసాగర్, పరకాల హనుమకొండ కిందికి వస్తాయి. నర్సంపేట, వర్ధన్నపేట, ఖిలా వరంగల్ వరంగల్ జిల్లావి. మీ ఇల్లు ఎక్కడుందని కాదు, హాస్టల్ ఎక్కడుందో చూడాలి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. రక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయం తీసుకునే బాలల సంక్షేమ సమితికి ఒకటి, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఒకటి ఇవ్వండి. ఇలా రాయవచ్చు:

"ఫలానా గ్రామంలో ఫలానా పేరుతో నడుస్తున్న హాస్టల్‌లో సుమారు ఇంతమంది పిల్లలు ఉంటున్నారు. బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ రిజిస్ట్రేషన్ చూపమంటే చూపలేదు. ఫలానా తేదీన మా అబ్బాయిని కలవనివ్వలేదు. అసలు సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వడం లేదు. తనిఖీ చేసి, పిల్లలతో విడిగా మాట్లాడి, తగిన చర్య తీసుకోగలరు."

"పిల్లలను హింసిస్తున్నారు" అని ఒక్క ముక్కలో రాస్తే అధికారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఏ తేదీన, ఎవరు, ఏం చేశారు, మీరు కళ్లతో చూసింది ఏది, విన్నది ఏది, విడివిడిగా రాయండి. ఫీజు రసీదులు, చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితం, వాట్సాప్ మెసేజ్‌లు జత చేయండి. ఒంటిమీద దెబ్బలుంటే ముందు వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి ఆ చీటీ దగ్గర పెట్టుకోండి. దెబ్బల ఫొటోలు, వీడియోలు మాత్రం గ్రూపుల్లో పెట్టకండి. పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం.

ప్రమాదం ఇప్పుడే ఉంటే దరఖాస్తు కోసం ఆగవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ అత్యవసర నంబర్ 112కు గానీ ఫోన్ చేయండి, రాత్రయినా ఎత్తుతారు. లైంగిక వేధింపు అనుమానం వస్తే వెంటనే పోలీసులకు చెప్పాలి, పిల్లలపై లైంగిక నేరాల మీద ఉన్న పోక్సో చట్టం కింద అది మన బాధ్యత.

రక్షించిన పిల్లలను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి. సమితే కదలకపోతే, దాని పనితీరు మీద ఫిర్యాదు వినాల్సింది కలెక్టరే.

ఇంటికొచ్చిన పిల్లాడి చదువు విషయం. హాస్టల్ వాళ్లు టీసీ ఇవ్వలేదని ఎనిమిదో తరగతి వరకు ఏ బడీ అడ్మిషన్ ఆపకూడదు. పద్నాలుగు దాటితే తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పది రాయించవచ్చు. మా చుట్టాల అబ్బాయి ఆ దారిలోనే చదువుతున్నాడు.