పిల్లల పుస్తకాల అరలో అందరూ – 4వ పాఠం: కనిపిస్తే చాలదు

ముందు పోయిన పాఠం సంగతి తేల్చుకుందాం, చాలామంది అక్కడే ఇరుక్కున్నారు. అరలోంచి చేతికందిన 100 పుస్తకాలు తీసి పుస్తకాల్లో మామూలుగా కనిపించని పిల్లలు, అంటే వైకల్యం ఉన్నవాళ్లు, ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లు లాంటివాళ్లు, ఎన్నిట్లో ఉన్నారో లెక్కపెట్టమన్నా కదా, ఒకరికి 40 వచ్చాయి, ఒకరికి 55, ఇంకేం మన లైబ్రరీ బాగానే ఉందని సంతోషపడ్డారు కూడా. తప్పు నాదే, కనిపిస్తే రాసుకోండి అన్నది నేనే. దాంతో క్లాస్‌రూమ్ బొమ్మలో ఓ మూల వీల్‌చైర్‌లో కూర్చున్న పాప, పేరు లేదు ఒక్క మాట లేదు, ఆ పాపనీ లెక్కలో వేసేశారు.

ఇది పాత చిక్కే. 1965లో విద్యావేత్త నాన్సీ లారిక్ అమెరికాలో 63 పబ్లిషర్ల నుంచి జవాబులు తెప్పించుకుని, 1962 నుంచి 1964 దాకా వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల లెక్క తీసింది. ఒక్క నల్లజాతి మనిషైనా ఉన్నవి 349, అంటే 6.7 శాతం, అందులోనూ చాలావాటిల్లో గుంపులో ఓ మొహం, అంతే. ఆ కాలపు నల్లజాతి అమెరికన్ల కథ చెప్పినవి ఎన్ని అంటే 0.8 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడానే ఇవాళ్టి పాఠం.

కాబట్టి నోట్‌బుక్‌లో ఇంకో గడి గీయండి: "కథ ఎవరిది". ఈ పుస్తకాలకి వేరే అర, స్పెషల్ స్టిక్కర్ వద్దని రెండో పాఠంలో చెప్పేశా, మళ్లీ చెప్పను.

కొందరు అలాంటి పిల్ల పాత్రని కథలోంచి తీసేసి చూస్తాం, కథ కూలిపోతే లెక్కే కదా అన్నారు. కాదు, నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. చూపు లేని బాబు క్లాసుకి కొత్తగా వస్తాడు, అందరూ ఏడిపిస్తారు, హీరో కూడా, తర్వాత హీరో మనసు మారి ఫ్రెండ్ అవుతాడు, అయిపోయింది. బాబుని తీసేస్తే కథే లేదు, కానీ కథ బాబుది కాదు, హీరో మంచివాడవడానికి బాబుని వాడుకున్నారు. దీనికి అన్నదమ్ములు బోలెడు: నత్తి ఉన్న పిల్ల పోటీలో కప్పు గెలిస్తేనే అందరూ దగ్గరికి తీస్తారు (గెలవకపోతే?), నడవలేని పిల్లాడు చివర్లో నడిచేస్తాడు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్ల ఆ భాష మానేశాకే ఫ్రెండ్స్ దొరుకుతారు. అలాంటి పిల్లే మీ ముందు కూర్చుని ఇది వింటుంటే తనకేం అర్థమవుతుంది, ఇలా ఉంటే కుదరదు అనే కదా. 1990లో పిల్లల సాహిత్యం మీద పనిచేసిన అమెరికన్ ప్రొఫెసర్ రుడీన్ సిమ్స్ బిషప్, పుస్తకాలు వేరేవాళ్ల జీవితం చూపించే కిటికీలు, మనల్ని మనకి చూపించే అద్దాలు కూడా అని రాసింది, ఈ కథలు పక్క పిల్లలకి కిటికీలా ఉండొచ్చు, ఆ పిల్లకి మాత్రం అద్దం కావు.

మరి ఎలా ఉండాలి? చెవులు వినపడని పిల్ల కుక్కపిల్ల తప్పిపోయింది, వెతుక్కుంటోంది. అన్నని పిలవాలంటే లైటు ఆర్పి వెలిగిస్తుంది, నేల మీద కాలితో గట్టిగా తడుతుంది, ఎక్కడ వెతకాలో తనే డిసైడ్ చేస్తుంది. వినపడకపోవడం కథలో ఉంది, కానీ గొడవంతా కుక్కపిల్ల గురించే.

నేనైతే చివరి రెండు పేజీలే ముందు చదువుతా, ఎవరు మారారు, ఎవరు ఎవరికి థ్యాంక్స్ చెప్తున్నారు అన్నది అక్కడే బయటపడిపోతుంది. రాసిందెవరో కూడా వేరే గడిలో వేయండి. విస్కాన్సిన్‌లోని సీసీబీసీ అనే పిల్లల పుస్తకాల సెంటర్ 1985లో లెక్క మొదలుపెట్టినప్పుడు, ఆ ఏడాది అమెరికాలో వచ్చిన దాదాపు 2,500 పుస్తకాల్లో నల్లజాతి వాళ్లు రాసినవి, బొమ్మలు వేసినవి 18.

ప్రాక్టీస్: మీరు టిక్ పెట్టినవాటిలో 20 తీసి పూర్తిగా చదవండి, అట్ట చూసి వదిలేయడం కాదు. ఒక్కోదానికి రెండు వాక్యాలు రాయండి, నిర్ణయం ఎవరు తీసుకున్నారు, చివరికి ఎవరికి ఏం దక్కింది. ఆ రెండో వాక్యంలో మీరు లెక్కపెట్టిన పిల్ల పేరు కాకుండా పక్కనున్న హీరో పేరే వస్తే, ముందు పెట్టిన టిక్ తీసేయండి. పుస్తకం మాత్రం అరలోంచి తీసేయకండి, తీసేయడం గురించి వచ్చే పాఠం.