పిల్లల క్యాంపులో ఉంటూ ఔట్‌డోర్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేయాలంటే

ట్రెక్కింగ్ పిచ్చి ఉన్నవాళ్ళు చాలామంది అడిగేది ఒకటే, రిషికేశ్ సైడో మనాలి సైడో పిల్లల క్యాంపులో చేరాలంటే ఏ కోర్సు చేయాలి అని. కోర్సు సంగతి చెప్తా, దానికంటే ముందు ఒకటి తెలుసుకోండి. ఇందులో తాడు పట్టుకునేది పగలు కొన్ని గంటలే, మిగతా టైమంతా పిల్లలతోనే, వాళ్ళు తినేదాకా పడుకునేదాకా, మళ్ళీ అర్ధరాత్రి ఎవరో లేచి టెంట్ జిప్ లాగితే అప్పుడు కూడా మీరే. ఆ మిగతా టైం ఇష్టంగా చేయగలిగితేనే రండి.

మొదలుపెట్టడానికి హిమాలయాల దాకా పోనక్కర్లేదు. భువనగిరి కోట బండ మీద రాక్ క్లైంబింగ్ నేర్పుతారు, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట తాడు పట్టుకుంది అక్కడే. ఎత్తు పడుతుందా లేదా అక్కడే తేలిపోతుంది. తర్వాత బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు, దాదాపు నాలుగు వారాలు, ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఉంది, డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మనాలిలోనూ ఉంది. ప్రభుత్వ సంస్థలు కాబట్టి ఫీజు తక్కువ, అందుకే సీట్లు నెలల ముందే అయిపోతాయి. బేసిక్‌లో 'A' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్‌కి తీసుకుంటారు, అందులోనూ 'A' గ్రేడ్ వస్తే మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ చేయొచ్చు, నేర్పడం ఎలాగో నేర్పేది అదే. దాంతోపాటు వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ (ఆస్పత్రికి దూరంగా ఉన్నచోట చేసే ప్రథమ చికిత్స) కోర్సు తప్పకుండా చేయండి, డబ్బులు ఒక్కదానికే ఉంటే నేనైతే ఫస్ట్ ఎయిడ్‌కే ఓటేస్తా.

చేరేముందు మొహమాటపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పడుకునేది రూమా టెంటా, వారానికి ఒక రోజు సెలవు నిజంగా ఇస్తారా, ఇన్సూరెన్స్ ఉందా, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది పిల్లలు. ఉత్తరాఖండ్‌లో సీజన్ ఏప్రిల్ నుంచి జూన్, మళ్ళీ సెప్టెంబర్ నుంచి నవంబర్, వానాకాలంలో గంగలో రాఫ్టింగ్ కూడా ఆపేస్తారు, కాబట్టి ఆ ఖాళీ నెలల్లో జీతం వస్తుందా రాదా అనేది ముందే కాగితం మీద ఉండాలి. నోటిమాట నమ్మి వెళ్ళొద్దు.

ఇక పని. పెద్దవాళ్ళకి హార్నెస్ (తాడుకి తగిలించుకునే బెల్టుల కట్టు) తొడగడం వేరు, ఎనిమిదేళ్ళ పిల్లకి తొడగడం వేరు. చిన్నపిల్లలకి నడుము, తుంటి ఒకేలా ఉంటాయి, బెల్ట్ ఎంత బిగించినా తలకిందులైతే జారిపోయే ప్రమాదం ఉంది, అందుకని వాళ్ళకి భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్సే వాడాలి. కంటితో చూసి ఓకే అనేయకండి, బకిల్ చేత్తో లాగి చూడాలి, కారాబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) గేట్ నొక్కి చూడాలి, లాక్ పడితే అది తెరుచుకోదు, ఎనిమిది అంకెలా వేసే ముడి తర్వాత తాడు కొస తగినంత మిగిలిందా చూడాలి. రాపెలింగ్ (తాడు సాయంతో బండ మీంచి కిందికి దిగడం) దగ్గర ఇంకోటి, మన ఆడపిల్లలకి పొడుగు జడలు, చున్నీలు, అవి డిసెండర్‌లో, అంటే దిగేటప్పుడు తాడు వేగాన్ని అదుపు చేసే పరికరంలో ఇరుక్కుంటే పిల్ల మధ్యలోనే ఆగిపోతుంది, జుట్టు దాంతోపాటు లాగేస్తుంది. జడ షర్టు లోపలికి దోపి, చున్నీ తీయించాకే అంచు దగ్గరికి పంపండి.

పగలంతా ఎగిరిన పిల్లాడు రాత్రి భోజనాల టైంకి కడుపునొప్పి అంటాడు. ముందు నిజంగా నొప్పేనేమో చూడండి, మెడికల్ ఫామ్ తీసి చదవండి, ఏమీ లేకపోతే చాలాసార్లు అది ఇంటి మీద బెంగే. ఏడవకు నువ్వు పెద్దోడివి అనొద్దు, రేపు అమ్మొస్తుంది అని అబద్ధం అసలే చెప్పొద్దు. పక్కన కూర్చుని వాళ్ళ ఇంటి గురించే అడగండి, రేపు పొద్దున హెల్మెట్లు లెక్కపెట్టడానికి నాకు సాయం రావాలి అని ఒక పని అప్పజెప్పండి. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలైతే హిందీ ఇంగ్లిష్ పక్కనబెట్టి ఏం నాన్నా అని తెలుగులో పిలిస్తే సగం బెంగ అక్కడే తగ్గుతుంది.

పక్క తడుపుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మిగతావాళ్ళు లేవకముందే వేరే స్లీపింగ్ బ్యాగ్ ఇచ్చేసి, ఎండ రాగానే టెంట్‌లో బ్యాగులన్నీ బయట ఆరేయించండి, ఇక ఎవరిది తడిసిందో ఎవరికీ తెలీదు. ఆ పిల్లాడి పరువు మీ చేతిలో ఉంది.

పిల్లలెవరితోనూ ఒంటరిగా మూసిన గదిలో, టెంట్‌లో ఉండొద్దు, ఇంకో పెద్దవాళ్ళు కనిపించేంత దూరంలో ఉండాలి. పిల్లలెవరైనా తమని ఎవరో తాకారని చెప్తే మేనేజర్‌కి చెప్పి ఊరుకుంటే సరిపోదు, పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

పాము కాటుకి మందు ఏ ఆస్పత్రిలో ఉందో మొదటిరోజే కనుక్కుని పెట్టుకోండి, కాటు పడ్డాక వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ వద్దు, కాలు కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా మోసుకుని తీసుకెళ్ళాలి, 108కి ఫోన్ కొట్టాలి, సిగ్నల్ లేని చోటైతే క్యాంపు బండి డ్రైవర్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

సీజన్ అయిపోగానే ఏ యాక్టివిటీలు ఎన్ని రోజులు చేయించారో రాయించి, సంతకంతో ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకుని బయల్దేరండి. వచ్చే క్యాంపువాళ్ళు మొదట అడిగేది అదే.