వెడల్పాటి రిమ్ములు వేశాక టైరు రాసుకుంటోందా? ఆఫ్‌సెట్ సమస్యలు, పరిష్కారాలు

స్పోర్ట్స్ కారుకు వెడల్పాటి రిమ్ములు బిగించిన తరువాత తలెత్తే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. వెడల్పును, ఆఫ్‌సెట్‌ను విడివిడిగా చూసి ఎంచుకోవడమే ఆ మూలం. హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు కొసకు) ఆనుకునే తలం రిమ్ము నడిమి గీతకు ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో చెప్పే అంకెను ఆఫ్‌సెట్ అంటారు. వెడల్పు తెలియకుండా ఈ అంకెను బట్టి టైరు ఎక్కడ నిలుస్తుందో చెప్పలేము.

మొదటి తరం టయోటా 86ను ఉదాహరణగా తీసుకుందాం. దాని 17 అంగుళాల ఫ్యాక్టరీ రిమ్ము వెడల్పు 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 48, టైరు 215/45 ఆర్17 (వెడల్పు 215 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 17 అంగుళాలు). సగం వెడల్పులోంచి ఆఫ్‌సెట్‌ను తీసివేస్తే హబ్ తలం నుంచి బయటి అంచుకు ఉన్న దూరం 40.9 మి.మీ. వస్తుంది. అదే సగానికి ఆఫ్‌సెట్‌ను కలిపితే లోపలి అంచుకు 136.9 మి.మీ. వస్తుంది. ఇప్పుడు 9 అంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము వేస్తే ఆ దూరాలు 69.3, 159.3 మి.మీ. అవుతాయి. అంటే రిమ్ము బయటికి 28.4 మి.మీ., లోపలికి 22.4 మి.మీ. జరిగినట్టే. ఆఫ్‌సెట్‌లో తేడా మూడే కదా అని కొన్నవారు ఖంగు తినేది ఇక్కడే.

లక్షణం: చక్రం లోపలివైపు రాసుకోవడం

చక్రం విప్పి స్ట్రట్ (షాక్ అబ్జార్బరు, స్ప్రింగు కలిసిన నిలువు భాగం) గొట్టాన్ని టార్చి వెలుతురులో చూడండి. రంగు పోయి, గీరినట్టు మెరిసే గీత కనిపిస్తే టైరు అక్కడ తగులుతున్నట్టే. వెడల్పుకు తగినంతగా ఆఫ్‌సెట్ తగ్గకపోవడమే దీనికి కారణం. స్ట్రట్‌ను పక్కకు జరపలేము కాబట్టి రిమ్ము ఎంపికను ఎప్పుడూ లోపలివైపు ఖాళీ నుంచే మొదలుపెట్టాలి. 8 అంగుళాల రిమ్మును 35 ఆఫ్‌సెట్‌తో తీసుకుంటే లోపలి అంచు దాదాపు ఫ్యాక్టరీ స్థానంలోనే ఉంటుంది, పెరిగిన వెడల్పంతా బయటికే పోతుంది.

రిమ్ము ఇప్పటికే కొనేసి ఉంటే 3 నుంచి 5 మి.మీ. స్పేసర్‌తో (హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్లతో) సరిపెట్టవచ్చు, కానీ నట్టుకు దొరికే మర ఆ మేరకు తగ్గుతుంది. ఈ కారు స్టడ్లు (నట్లు ఎక్కే మర కడ్డీలు) 12 మి.మీ. వ్యాసం, 1.25 మి.మీ. పిచ్ (మర చుట్ల మధ్య దూరం) గలవి. వ్యాసమంత లోతైనా మర పట్టాలంటే నట్టు దాదాపు పది చుట్లు తిరగాలి. స్పానర్ పట్టక ముందే చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి, అంతకన్నా తక్కువ వస్తే పొడవైన స్టడ్లు వేయించక తప్పదు.

క్యాంబర్ (చక్రం నిలువు గీత నుంచి ఎంత వాలిందో చెప్పే కోణం) విషయంలో ఒక మెలిక ఉంది. స్ట్రట్ పైకొసన ఉండే క్యాంబర్ ప్లేటుతో నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) పెంచితే స్ట్రట్టూ చక్రమూ కలిసి వంగుతాయి, కాబట్టి వాటి మధ్య ఖాళీ మారదు. స్ట్రట్ అడుగున నకల్ (హబ్‌ను మోసే భాగం) దగ్గరున్న బోల్టుతో పెంచితే మాత్రం చక్రం పైభాగం స్ట్రట్ వైపు వాలి, ఉన్న ఖాళీ కూడా తగ్గుతుంది.

లక్షణం: గతుకుల్లో, మలుపుల్లో ఫెండర్‌కు తగలడం

ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) లోపలి మడతపై నల్లటి రబ్బరు పొడి పేరుకుంటుంది. రిమ్ము మరీ బయటికి రావడం వల్లగాని, కారును కిందికి దించడం వల్లగాని ఇలా జరుగుతుంది. కారు నిలిచి ఉన్నప్పుడు కనిపించే ఖాళీని నమ్మకూడదు. స్ప్రింగ్ తీసి, దిగువ ఆర్మ్‌ను జాకీతో పైదాకా లేపి, స్టీరింగ్‌ను రెండు పక్కలా పూర్తిగా తిప్పి చూడాలి. తేడా కొద్దిదే అయితే క్యాంబర్‌తోనో, మడతను లోపలికి నొక్కించడంతోనో తీరుతుంది. పది మిల్లీమీటర్లు మించితే రిమ్ము మార్చుకోవడమే మేలు, ఎందుకంటే ఫెండర్‌ను అంతగా లాగితే పెయింటు పగిలి తుప్పు మొదలవుతుంది.

లక్షణం: వేగం పెరిగాక స్టీరింగ్ వణకడం

బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు తగ్గకపోతే రిమ్ము నడిమి రంధ్రాన్ని కొలవండి. ఈ కారు హబ్ వ్యాసం 56.1 మి.మీ. కాగా, పలు కార్లకు పనికొచ్చేలా తయారైన రిమ్ముల్లో రంధ్రం 73.1 మి.మీ. దాకా ఉంటుంది. ఆ ఖాళీ వల్ల చక్రం సరిగ్గా నడిమిలో కూర్చోదు. ఖాళీని పూడ్చే సరైన కొలత గల హబ్ రింగు వేసి, నట్లను నక్షత్రాకార వరుసలో బిగిస్తే చాలు.

లక్షణం: రోడ్డు చారలను పట్టుకుని స్టీరింగ్ లాగడం

ఆఫ్‌సెట్ తగ్గి చక్రం బయటికి జరిగినప్పుడు స్క్రబ్ రేడియస్ (చక్రం తిరిగే అక్షం నేలను తాకే చోటుకూ టైరు నడిమికీ మధ్య దూరం) మారుతుంది, అందువల్ల గతుకులూ బ్రేకు తాకిడీ నేరుగా చేతికి తెలుస్తాయి. వెడల్పాటి టైరు కూడా దీనికి తోడవుతుంది. అలైన్‌మెంట్ సరిచేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

లక్షణం: టైరు పక్కలు ఉబ్బడం లేదా సాగడం

215/45 ఆర్17 టైరుకు ఆమోదించిన రిమ్ము వెడల్పు 7 నుంచి 8 అంగుళాలు, 225/45కు 7 నుంచి 8.5, 245/40కు 8 నుంచి 9.5. తొమ్మిది అంగుళాల రిమ్ముకు పాత 215 టైర్లనే లాగి తొడిగితే పక్కగోడ వాలిపోయి, రిమ్ము అంచుకు రక్షణ ఉండదు. అక్కడ 245/40 సరైనది. దాని మొత్తం వ్యాసం 627.8 మి.మీ., పాతదానిది 625.3 మి.మీ. కాబట్టి స్పీడోమీటరు లెక్క కూడా చెడదు.

లక్షణం: చువ్వలు బ్రేకు క్యాలిపర్‌కు తగలడం

క్యాలిపర్ అంటే బ్రేకు ప్యాడ్లను డిస్కుపై నొక్కే భాగం. చువ్వలు దానికి తగులుతాయా అన్నది ఆఫ్‌సెట్ అంకెను బట్టి ముందే పసిగట్టలేము, చువ్వల వంపును బట్టే తెలుస్తుంది. రిమ్ము తయారీదారు ఇచ్చే టెంప్లేటును అసలు కొలతలో అట్టపై కత్తిరించి, డబ్బు కట్టక ముందే క్యాలిపర్‌పై పెట్టి చూడండి.