మౌంటెన్ బైకు రిమ్ము: సరిచేయించాలా, మార్చాలా? సమస్య - పరిష్కారం

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, సీతారామపురం వైపు వెలిగొండల కింద బండలు తేలిన దారుల్లో, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో భైరవకోన చుట్టుపక్కల గులకరాళ్ల బాటల్లో మౌంటెన్ బైకు నడిపేవారికి ముందుగా ఇబ్బంది పెట్టేది వెనుక చక్రం రిమ్ము. మనిషి బరువులో ఎక్కువ భాగం దాని మీదే పడుతుంది. రాయి కనబడితే ముందు చక్రాన్ని ఎత్తి దాటించగలం గాని, వెనుక చక్రం ఆ రాయిని తాకకుండా పోదు. ఇలా దెబ్బతిన్న రిమ్ముల విషయంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతుంటాయి. చువ్వలు సరిచేస్తే బాగుపడే రిమ్మును పనికిరాదని తీసేయిస్తారు. నిజంగా పగిలిన రిమ్మును మాత్రం వెల్డింగ్ పెట్టించి, దానితోనే మళ్లీ కొండ దిగుతారు. మొదటిదాని వల్ల పోయేది డబ్బే, రెండోది ప్రాణం మీదికి తెస్తుంది. అందువల్ల కనిపించే లక్షణాన్ని బట్టి లోపం చువ్వల్లో ఉందా, రిమ్ములోనే ఉందా అని తేల్చుకున్న తరువాతే ఖర్చు సంగతి ఆలోచించాలి.

చక్రం తిరిగేటప్పుడు పక్కలకు ఊగుతోంది

షాపుల్లో ఔట్ వచ్చింది అనేది దీన్నే. నిపుల్ (చువ్వను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) మీద స్పానర్ పెట్టే ముందు రిమ్మును చేత్తో పట్టుకొని అటూ ఇటూ కదిపి చూడండి. చక్రం మొత్తం టకటకమని కదిలితే లోపం చక్రం నడుమనున్న హబ్బు బేరింగుల్లో ఉంది, రిమ్ముతో నిమిత్తం లేదు. హబ్బు గట్టిగానే ఉంటే, ఫ్రేముకు ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి దాని కొసను రిమ్ము దాకా తెచ్చి, చక్రాన్ని మెల్లగా తిప్పితే రిమ్ము ఎక్కడ కొసకు తగులుతుందో తెలుస్తుంది. కుడివైపుకు వచ్చిన చోట, హబ్బు ఎడమ అంచు నుంచి వచ్చే చువ్వలను పావు చుట్టు చొప్పున బిగించి, కుడి అంచు నుంచి వచ్చే వాటిని అంతే వదులు చేయాలి. టైరు వైపు నుంచి చూస్తూ సవ్యదిశలో తిప్పితే నిపుల్ బిగుస్తుంది. బైకును తలకిందులుగా పెట్టుకొని పనిచేసేవారు ఈ దిశ దగ్గరే పొరబడి ఔట్‌ను రెట్టింపు చేస్తారు కాబట్టి, ప్రతి పావు చుట్టుకూ ఒకసారి తిప్పి చూడటం మంచిది.

రిమ్ము విలువ తేలేది ఈ పని పూర్తయిన తరువాతే. చక్రం ఊగకుండా నిటారుగా తిరుగుతోందని తేలాక, దాన్ని ఆపి ఒకే వైపు చువ్వలను వేలితో మీటండి. అన్నీ దాదాపు ఒకే స్వరంలో పలికితే రిమ్ము ఆరోగ్యంగా ఉంది, ఇంకా చాలాకాలం వాడుకోవచ్చు. వెనుక చక్రంలో గేర్ల వైపు చువ్వలు ఎక్కువ బిగువుతో ఉండటం సహజం కాబట్టి ఆ వైపు చువ్వలను రెండో వైపు వాటితో పోల్చకూడదు. ఒకచోట రెండు మూడు చువ్వలు పూర్తిగా వదులుగా, వాటి పక్కవి విపరీతమైన బిగువుతో ఉంటే తప్ప చక్రం నిటారుగా నిలవడం లేదంటే మాత్రం రిమ్మే వంగిందని అర్థం. అనుమానం మిగిలితే చువ్వలన్నీ విప్పి, ఉత్త రిమ్మును చదునైన బండ మీద పెట్టి చూడాలి. మన ఇళ్లలో వంటగట్టుకు వేసిన చీమకుర్తి గ్రానైటు ఇందుకు చక్కగా సరిపోతుంది. ఎక్కడైనా రెండు మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనిపిస్తే ఆ రిమ్ము మీద కూలి ఖర్చు పెట్టడం వృథా.

చువ్వలు పదేపదే తెగుతున్నాయి

చువ్వలు నాసిరకమనో, బిగువు ఎక్కువైందనో అనుకుంటారు గాని, చాలాసార్లు కారణం బిగువు తక్కువ కావడమే. వదులుగా ఉన్న చువ్వ చక్రం తిరిగిన ప్రతిసారీ హబ్బు దగ్గరి వంపులో కొద్దిగా కదులుతూ, లోహం అలసిపోయి అక్కడే తెగుతుంది. తెగిన ఒక్కదాన్నే మార్చి ఊరుకుంటే మిగిలినవీ అదే దారి పడతాయి. రెండు మూడు తెగాయంటే ఆ వైపు చువ్వలన్నీ కొత్తవి వేయించి సమానంగా బిగింపించాలి. బిగించాక పక్కపక్క చువ్వలను జతలుగా చేత్తో గట్టిగా నొక్కి, మళ్లీ ఔట్ చూడమని మెకానిక్‌కు చెప్పండి. ఈ పని చేయని చక్రం మొదటి ప్రయాణాల్లోనే వదులు కావచ్చు. గేర్ల వైపు చువ్వల మీద గీతలు పడి ఉంటే గొలుసు పెద్ద పళ్లచక్రం దాటి లోపల పడిందన్నమాట, అప్పుడు గొలుసును గేరు నుంచి గేరుకు మార్చే డీరైలర్ మరను కూడా సరిచేయించాలి.

రిమ్ము అంచు సొట్టపోయింది, పంక్చర్లు ఆగడం లేదు

ముందు ట్యూబును నీళ్లలో ముంచి రంధ్రాలు ఎక్కడ ఉన్నాయో చూడాలి. టైరు వైపు ఒక్కటే సన్నని రంధ్రం ఉంటే అది సర్కారు తుమ్మ ముల్లు పని, మన రెండు జిల్లాల్లో దానికి కొదవలేదు. రిమ్ము వైపు రంధ్రం ఉంటే, రిమ్ము లోపలి నిపుల్ గుంతలను కప్పే టేపు పక్కకు జరిగి నిపుల్ గుంత అంచు ట్యూబును కోసింది. పక్కపక్కన రెండు చీలికలు ఉంటే మాత్రం, గాలి తక్కువై టైరు పూర్తిగా అణిగి, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగింది. అంచు సొట్టపోయేది కూడా ఈ దెబ్బకే. కనుక కొత్త రిమ్ము కొనే ముందు గాలి కొలిచే గేజు కొనడం ఎంతో మేలు. డెబ్బై కిలోల మనిషికి, ట్యూబు ఉన్న 2.2 అంగుళాల టైరులో వెనుక సుమారు 30-35 పీఎస్‌ఐ, ముందు దానికంటే కొంచెం తక్కువ నుంచి మొదలుపెట్టి, టైరు మీద ముద్రించిన పరిమితిలోనే దారిని బట్టి మార్చుకోవచ్చు. టైరు నొక్కి చూసి వేసే అంచనా నమ్మదగినది కాదు.

డిస్కు బ్రేకు బండిలో చిన్న సొట్ట ఉండి, టైరు అంచు సరిగా కూర్చొని గాలి నిలుస్తుంటే దాని జోలికి పోనక్కర లేదు. రిమ్మును పట్టే బ్రేకు ఉన్న బండిలో అదే సొట్ట బ్రేకు పట్టినప్పుడల్లా కుదుపుతుంది. అటువంటప్పుడు గుడ్డ చుట్టిన సర్దుబాటు స్పానర్‌తో అంచును ఒక్కసారి నెమ్మదిగా వెనక్కి లాగవచ్చు. అల్యూమినియం వంచి తీసిన ప్రతిసారీ ఆ చోట మరింత పెళుసవుతుంది కాబట్టి అదే చోట రెండోసారి ప్రయత్నించకూడదు.

నిపుల్ రంధ్రం చుట్టూ, అతుకు దగ్గర, అంచు వెంబడి పగులు

దీనికి మరమ్మతు లేదు. బిగువు అతిగా ఉండటం వల్లనో, ఏళ్ల తరబడి పడిన దెబ్బలకు లోహం అలసిపోవడం వల్లనో నిపుల్ రంధ్రం నుంచి వెంట్రుక వంటి గీతలు మొదలవుతాయి. మట్టి కడిగి, వెలుతురులో వేలిగోరుతో గీకి చూస్తే గోరు పట్టుకుంటుంది. పైపూత మీది గీత అయితే పట్టుకోదు. ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందని ఎవరైనా చెప్పినా వినవద్దు. 6061-టీ6 వంటి అల్యూమినియం మిశ్రమానికి బలం వేడి శుద్ధి వల్ల వస్తుంది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న లోహం ఆ బలాన్ని కోల్పోయి మెత్తబడుతుంది. పగులు చిన్నదే అయినా రిమ్ము మార్చవలసిందే. కార్బన్ రిమ్ములో గట్టి దెబ్బ తరువాత లోపలి పొరలు విడిపోయినా పైకి కనిపించకపోవచ్చు, అందువల్ల పాత కార్బన్ రిమ్మును చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దని నా సలహా.

బ్రేకు పట్టే చోట రిమ్ము లోపలికి గుంటపడింది

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో తడి ఇసుక, చీమకుర్తి వైపు దారుల్లో రాతిపొడి బ్రేకు కట్టలకు అంటుకొని రిమ్మును ఆకురాయిలా అరగదీస్తాయి. స్కేలు ఆనించి చూడండి. మధ్యలో గుంట స్పష్టంగా కనిపించినా, అరుగుదల గుర్తుగా ఇచ్చిన గాడి చెరిగిపోయినా, గోడ మందం ఒక మిల్లీమీటరుకు దిగినా, టైరులోని గాలి ఆ గోడను ఒక్కసారిగా చీల్చగలదు. బ్రేకు కట్టలను అప్పుడప్పుడు విప్పి, వాటిలో దిగబడిన రాతి రేణువులను సూదితో తీసేస్తే రిమ్ము ఆయువు బాగా పెరుగుతుంది.

నిపుళ్ల చుట్టూ తెల్లని పొడి, చువ్వల మీద తుప్పు

మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఉప్పుగాలికి ఇది తప్పదు. అల్యూమినియం రిమ్ము, వేరే లోహపు నిపుల్ ఉప్పు తడిలో కలిసి ఉంటే రిమ్ము లోహం తినబడుతుంది; అల్యూమినియం నిపుళ్లయితే అవే ముందుగా పెళుసై విరుగుతాయి. తీరప్రాంతం వారు బరువు గురించి ఆలోచించక నికెల్ పూత ఉన్న ఇత్తడి నిపుళ్లు, స్టెయిన్‌లెస్ చువ్వలు వేయించుకోవాలి. కడిగే నీరు కూడా ముఖ్యమే. తీరగ్రామాల్లో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది గనుక చివరగా మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో నిపుల్ మొదట్లో నూనె బొట్టు వేయాలి. డిస్కు మీద మాత్రం ఆ నూనె పడకుండా చూసుకోవాలి.

మార్చక తప్పనప్పుడు ఏది కొనాలి

టేపు తీసి చూస్తే ఒంటి గోడ రిమ్ములో నిపుల్ తలలు పైనే కనిపిస్తాయి. రెండు గోడల రిమ్ములో లోతైన గుంతల అడుగున ఉంటాయి. రాళ్ల దారికి రెండు గోడల అల్యూమినియం రిమ్మే కొనాలి, ఒంటి గోడది ఎంత చవకైనా ఆ డబ్బు నిలవదు. మీద ఉన్న అంకెల్లో 559 అంటే 26 అంగుళాలు, 584 అంటే 27.5, 622 అంటే 29. లోపలి వెడల్పు 25 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటే 2.2 నుంచి 2.5 అంగుళాల టైర్లు చక్కగా కూర్చుంటాయి. రంధ్రాల సంఖ్య హబ్బుతో సరిపోవాలి. బరువైన మనిషికి 28 కంటే 32 మేలు. రిమ్ము రెండు కొసలను తయారీలోనే కలిపే అతుకు వెల్డింగ్‌తో చేసినదైతే బాగానే ఉంటుంది గాని, డిస్కు బ్రేకు బండికి పిన్నులతో కలిపిన అతుకూ చాలు, అందుకోసం ఎక్కువ ధర పెట్టనక్కర లేదు.

పాత చువ్వలు బాగుండి, కొత్త రిమ్ములో నిపుళ్లు కూర్చునే వ్యాసం పాతదానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు తేడాతో ఉంటే, రెండింటినీ పక్కపక్కన టేపుతో కట్టి చువ్వలను ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. చువ్వల ఖర్చు, అల్లే కూలిలో కొంత మిగులుతాయి. చువ్వలు కూడా తుప్పుపట్టి, హబ్బు గరగరమంటుంటే మాత్రం రిమ్ము, చువ్వలు, కూలి కలిపి లెక్క వేయించి, అది పూర్తి చక్రం ధరలో సగం దాటితే పూర్తి చక్రమే అడగండి. డబ్బు ఇచ్చే ముందు షాపులోనే దాన్ని తిప్పించి, ఒక్కోవైపు చువ్వలను మీటి చూడండి, ఎందుకంటే యంత్రంతో అల్లిన చవక చక్రాల్లో బిగువు తక్కువగా ఉండటం మామూలే, ఆ బిగువు సరిచేయించే పని కొన్న రోజునే జరగాలి.