ఇంటి తోట, మూడో పాఠం: తిన్నని గీతా, వంపు దారా?

పోయిన పాఠంలో ఎండ పటం వేయమన్నాను. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి మీ జాగాలో నీడ ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీసి, దాన్ని కాగితం మీదికి ఎక్కించడం. అది వేయనివాళ్లు ఈ పాఠం చదవొచ్చు, మొక్కలు మాత్రం కొనకండి. వేయకుండా కొన్నదాన్ని నేనే. ఆ సంగతికి వస్తాను.

ఈ వారం తేల్చుకోవాల్సింది తోట ఫార్మల్‌గా ఉండాలా, ఇన్‌ఫార్మల్‌గా ఉండాలా అని. ఫార్మల్ అంటే మధ్యలో ఒక నడిగీత, దానికి రెండు పక్కలా అద్దంలో చూసినట్టు ఒకేలాంటి మడులు, కత్తిరించిన కంచెమొక్కలు, తిన్నని దారి. ఇన్‌ఫార్మల్ అంటే వంపు దారి, జత కలవని ఎత్తులు, గుంపులు గుంపులుగా మొక్కలు. బొమ్మలు చూసే బదులు ఒక ఆదివారం పొద్దున్నే బెంగళూరు లాల్‌బాగ్‌ తోటకి వెళ్లండి. 1889లో పునాది పడ్డ గ్లాస్ హౌస్‌కి ఎదురుగా, సరిగ్గా మధ్యలో నిలబడితే ఎడమా కుడీ తక్కెడలో తూచినట్టు ఉంటాయి. తర్వాత కెంపేగౌడ గోపురం ఉన్న రాతిగుట్ట ఎక్కండి. ఆ బండ ఎవరి కొలతకీ లొంగలేదు, తోటే దాని చుట్టూ సర్దుకుంది. రెండు పద్ధతులూ ఒక్క టికెట్‌తో చూసేయొచ్చు.

ఫార్మల్ అంటే దొరల వ్యవహారం అనుకోకండి. వాకిట్లో గుమ్మానికి సూటిగా తులసికోట, దాని ముందు చుక్కలు పెట్టి వేసిన ముగ్గు: అదీ నడిగీతే.

ఇప్పుడు నా కథ. మాది బెంగళూరులోనే, హొరమావు వైపు 30-40 అడుగుల సైటు, తూర్పు ముఖం. ఇంటి ముందు మిగిలింది 10 అడుగుల పట్టీ. బృందావన్ గార్డెన్స్ చూసొచ్చిన ఊపులో, దక్షిణపు గోడ వెంట 11, ఉత్తరపు గోడ వెంట 11, అడుగుకొకటి చొప్పున 22 పసుపు డురంటాలు (కంచెగా కత్తిరించే పసుపు ఆకుల పొద) నాటించాను. దక్షిణం వైపు పక్కింటివాళ్లది మూడంతస్తులు, దాదాపు రోడ్డు దాకా కట్టారు. బెంగళూరులో ఏప్రిల్ చివర్నుంచి ఆగస్టు మధ్యదాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మిగతా కాలమంతా దక్షిణంగానే. జూన్‌లో నాటాను కాబట్టి రెండు వరసలూ కళకళలాడాయి. డిసెంబరుకల్లా దక్షిణపు వరస ఆ ఇంటి నీడలో పాలిపోయి, సాగిపోయి, అడుగున బోసిపోయింది. ఉత్తరపు వరస మాత్రం బంగారంలా ఉంది. "ఒక పక్క పెళ్లికొడుకు, ఇంకో పక్క పథ్యం తింటున్న మనిషి" అన్నారు మావారు.

అద్దం పనిచేయాలంటే రెండు పక్కలా ఎండ సమానంగా పడాలి. మన లేఅవుట్లలో ఇది అరుదు. మీ పటంలో రెండు పక్కలకీ గంటన్నర కంటే ఎక్కువ తేడా ఉంటే జత మొక్కల ఆశ వదిలేయండి. ఇది నా సొంత లెక్క, పుస్తకంలోది కాదు.

రెండో చిక్కు అత్తయ్య చెప్పారు. చిత్తూరు నుంచి వచ్చి ఓ రెండు రోజులు చూసి, "ఇన్ని మొక్కలు పెట్టావు, దేవుడి దగ్గరికి ఒక్క పువ్వు లేదేంటమ్మా?" అన్నారు. నిజమే. మందారమైనా నూరువరహాలైనా కొమ్మ చివర కొత్త చిగురులోనే మొగ్గ వేస్తుంది. కత్తెర పట్టి పెట్టెలా చెక్కితే మనం కోసి పారేసేది ఆ మొగ్గల్నే. పూజకి పూలు కావాలంటే మొక్కని దాని ఆకారానికి వదలాలి. పైగా వానల్లో మూడు వారాలకోసారి కత్తిరించాలి, వరసలో ఒక్కటి ఎండినా పన్ను ఊడిన నోరులా కనిపిస్తుంది.

ఇన్‌ఫార్మల్ అంటే వదిలేయడం కూడా కాదు, అక్కడే చాలామంది పొరబడతారు. నర్సరీకి వెళ్లినప్పుడల్లా నచ్చిందల్లా ఒక్కొక్కటి తెచ్చి గుచ్చితే అది తోట కాదు, సంత. ఒకే మొక్కని మూడో ఐదో కలిపి గుంపుగా పెట్టండి, అదే గుంపు ఇంకోచోట మళ్లీ కనిపించాలి. ఒక పక్క పెద్ద నందివర్ధనం ఉంటే, రెండో పక్క దాని బరువుకి సరిపడా మూడు కనకాంబరం గుంపులు, ఒక రాతి తొట్టి. జత కలవకపోయినా తూకం కలవాలి. వంపుకి కారణం ఉండాలి: చెట్టు అడ్డొచ్చిందనో, అరుగు దగ్గరికి తిరగాలనో. పది అడుగుల జాగాలో ఊరికే వంకర తిప్పిన దారి పాము పాకినట్టుంటుంది.

లాన్ గురించి ఒక్క మాట. 2024 మార్చిలో ఈ ఊళ్లో తాగునీళ్లు తోటకి పోస్తే రూ.5,000 జరిమానా అన్నారు. ఏ పద్ధతైనా, పచ్చికకి జాగా తగ్గించండి.

చిన్న సైటుకి నా సలహా: దారి, మడి అంచులు తిన్నగా, మొక్కలు వాటి ఇష్టానికి. జాగా నలుచదరం కాబట్టి గీతలు ఇంటితో కలిసిపోతాయి, కత్తెర పని ఉండదు. వెనక పెరడు పెద్దదైతే అక్కడ వంపులు తిప్పుకోండి.

అభ్యాసం. గుమ్మం మధ్య నుంచి గేటుదాకా దారం లాగి మేకులు కొట్టండి. మూల సరిగ్గా ఉందా లేదా అన్నది మేస్త్రీ లెక్కే: ఒక వైపు 3 అడుగులు, ఇంకోవైపు 4, వాటి చివర్లని కలిపితే 5 రావాలి. వంపు కావాలనుకునేవాళ్లు నీళ్ల పైపుని అరగంట ఎండలో పడేస్తే మెత్తబడుతుంది, దాన్ని నేలమీద పరిచి అంచు చూసుకోండి. దారాన్నీ పైపునీ నాలుగు రోజులు అలాగే ఉంచి, రోజూ వంటింటి కిటికీలోంచీ గేటు బయటినుంచీ ఒకసారి చూడండి. పాలబ్బాయి, కొరియర్ అబ్బాయి ఆ గీత మీద నడుస్తున్నారా, దాటి అడ్డంగా వస్తున్నారా రాసుకోండి. ముగ్గురు అడ్డంగా వచ్చారంటే జరపాల్సింది మీ దారినే. నాలుగో పాఠంలో మడి తవ్వుతాం, ఆ కాగితం, ఎండ పటం రెండూ దగ్గర పెట్టుకోండి.